రెండు వందల పదకొండు చుక్కలు

సోమవారం పొద్దున మచ్చల మాస్టారు మూడు పనులు పెట్టుకున్నాడు. బడిపిల్లల గుర్తింపు కార్డుల ఫోటోలు నలభై పూర్తిచేయడం ఒకటి. గది కిటికీకి ఊడిపోయిన గడియ బిగించడం రెండోది. ఎనిమిదీ పదికి స్టూడియో ఎదురుగా సిగ్నల్ దగ్గర ఆగే బడి బస్సు కోసం గుమ్మంలో నిలబడడం మూడోది. మొదటి రెండిటికీ తొందరేమీ లేదు. మూడోదాని కోసం మాత్రం ఏడు గంటలకే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఆ బస్సులో ఆయన మేనకోడలు వస్తుంది. సిగ్నల్ పచ్చబడేలోగా కిటికీలోంచి ఒక కవరు అందిస్తుందట. ఆ సంగతి చెప్పడానికి ముందురోజు చెల్లెలు ఫోన్ చేసింది. నాలుగు నెలల తర్వాత వచ్చిన ఫోన్ అది.

మచ్చల మాస్టారన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, వీధి ఇచ్చిన బిరుదు. ముప్ఫై ఏళ్లుగా ఆయన పని ఫోటోల్లో మచ్చలు తీసెయ్యడం. మొటిమ, గాటు, లెన్సు మీది దుమ్ము, చొక్కా మీద ఒలికిన కాఫీ, ఏదైనా సరే, ఆయన కంట పడ్డాక బతికి బట్టకట్టదు. శుభ్రం చేశాక పాత ఫోటో ఉంచే అలవాటు కూడా లేదు. "మొటిమల మొహం దాచుకుని ఎవరేం చేసుకుంటారండీ?" అంటూ కొత్తదాన్ని పాతదాని మీదే సేవ్ చేసి, మెమరీ కార్డు కూడా ఖాళీ చేసి మరీ ఇస్తాడు.

కింద స్టూడియో, పైన ఒంటి గది. భార్య పోయి ఆరేళ్లయింది. ఒక్క మనిషికి వండుకోవడం ఆయనకు ఇంకా చేతకాలేదు. రోజూ ఇద్దరికి సరిపడా వండి, సగం రాత్రికి దాచి, రాత్రి ఆ గిన్నె మూత తీసి చూసి, ఆకలి లేదనుకుంటాడు. పగలంతా తెర మీది మొహాలతోనే మాటలు. "కాస్త నవ్వు బాబూ, నీ సొమ్మేం పోయింది?" అని వాటిని బతిమాలుతాడు. అవి ముందే తీసిన ఫోటోలన్న సంగతి ఆయనకూ తెలుసు.

చెల్లెలి ఇల్లు మూడు వీధుల అవతలే. అయినా రాకపోకలు తగ్గిపోయాయంటే, దానికీ కారణం మచ్చే. రెండేళ్ల కిందట చెల్లెలి అత్తగారు ముచ్చటపడి ఫోటో తీయించుకుంది. మాస్టారు మనసుపెట్టి పనిచేసి, ఆవిడ ఎడమ చెంప మీది పుట్టుమచ్చను ఆనవాలు లేకుండా లేపేశాడు. పెద్దావిడ ఆ ఫోటో చూసి, "ఎవరీవిడ?" అంది. ఆ తర్వాత, "డెబ్బై ఏళ్లు నాతో ఉన్నదాన్ని తుడిచిపారేశాడే, రేపు నన్ను మాత్రం ఉంచుతాడా?" అంది. అంతే, ఆ ఇంటి నుంచి పిలుపులు ఆగిపోయాయి. అందుకే ఈ కవరు ఆయనకు కవరు కాదు. ఈసారి పని సవ్యంగా జరిగితే ఆ గుమ్మం మళ్లీ తెరుచుకుంటుంది. చెడిందా, ఇక జన్మలో తెరుచుకోదు.

బస్సు ఆగింది. మేనకోడలు కిటికీలోంచి సగం బయటికి వచ్చింది. తొమ్మిదో తరగతి. నోరు తెరిస్తే వాదనే కాబట్టి ఇంట్లో అందరూ లాయరమ్మ అంటారు.

"మావయ్యా! సైన్సు పోస్టర్! పెద్దగా, శుభ్రంగా! శనివారానికి!"

"అలాగే తల్లీ, తిన్నావా..."

సిగ్నల్ పచ్చబడింది. బస్సు వెళ్లిపోయింది. మొత్తం కలిపి ఇరవై క్షణాలు. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

లోపలికి వచ్చి కవరు దులిపితే మెమరీ కార్డు పడింది. కార్డులో ఒకే ఒక్క ఫోటో. నల్లటి నేపథ్యం, దాని నిండా తెల్లటి రేణువులు. "అయ్యో పిచ్చితల్లీ, లెన్సు తుడుచుకోకుండా తీశావా?" అని జాలిపడ్డాడు. పోస్టర్‌కి వెనక వేసే నలుపు కాబోలు, దాని మీద అక్షరాలు రాసుకుంటుంది కాబోలు అనుకున్నాడు. శుభ్రంగా అని పిల్ల నోరారా అడిగింది కదా! నలభై ఫోటోలూ పక్కన పడేసి, ఒక్కొక్క రేణువునూ పెద్దది చేసి, చుట్టుపక్కల నలుపు తెచ్చి కప్పుతూ పోయాడు. సరదాకి లెక్క కూడా పెట్టుకున్నాడు. రెండు వందల పదకొండు. మధ్యాహ్నానికి ఫోటో కాటుకలా నిగనిగలాడింది. అలవాటు ప్రకారం పాతదాని మీదే సేవ్ చేశాడు. అలవాటు ప్రకారమే కార్డు ఖాళీ చేశాడు.

సాయంత్రం ఆరున్నరకు లాయరమ్మ ఫోన్ చేసింది.

"మావయ్యా, చుక్కలు బాగా వచ్చాయా?"

"ఏం చుక్కలమ్మా?"

"నక్షత్రాలు! వేటగాడి నక్షత్రమండలం. పది సాయంత్రాలు చూసి రాయాలి, అదే ప్రాజెక్టు. కవర్లో కాగితం చూళ్లేదా?"

మాస్టారు కవరు కోసం బల్లంతా వెతికాడు. కవరు విప్పి చూస్తే, లోపల ఒక మూలకు అంటుకుని మడతపెట్టిన కాగితం నిజంగానే ఉంది.

"చూశానమ్మా. వచ్చాయి. బ్రహ్మాండంగా ఉన్నాయి."

పిల్ల గొంతు తగ్గించింది. "నిజంగా? నక్షత్రాల్లాగే కనిపిస్తున్నాయా?"

"అచ్చం నక్షత్రాల్లాగే. అన్నట్టు, నీ దగ్గర ఇంకో కాపీ ఉందా? ఊరికే, జాగ్రత్తకి."

"లేదు మావయ్యా. నాన్న కెమెరా కదా, కార్డులోకి ఎక్కించగానే అందులోంచి చెరిపేశా. శనివారం బడి ఎగ్జిబిషన్‌లో గెలిస్తే వేధశాలకి తీసుకెళ్తారు, బడి మొత్తంలో ఒక్కళ్లనే! నీదే భారం."

ఫోన్ పెట్టేశాక మాస్టారు చాలాసేపు ఆ నల్లటి ఫోటో ముందు కూర్చున్నాడు. ఇంత శుభ్రంగా ఆయన జీవితంలో ఏ ఫోటో చేయలేదు.

కాగితం చదివాడు. వేటగాడికి భుజాల దగ్గర రెండు, కాళ్ల దగ్గర రెండు, నడుముకు వరసగా మూడు, మొత్తం ఏడు పెద్ద నక్షత్రాలట. సాయంత్రం ఏడున్నరకు తూర్పున కనబడతాయట. నెట్‌లోంచి తీసిన బొమ్మలు చెల్లవని కింద నిబంధన. దాని కింద పిల్ల పది రోజులకూ పది వరసలు రాసింది. "ఏడు నక్షత్రాలు. ఎత్తు: చాచిన చేతికి పది వేళ్లు. ఆకాశం నిర్మలం." పది వరసలూ అవే. ఎంత క్రమశిక్షణ అని మాస్టారు మురిసిపోయాడు. కన్నీళ్లు కూడా వచ్చాయి. పిల్ల పది రోజుల కష్టాన్ని తను ఒక్క పూటలో తుడిచిపెట్టాడు. ఇక చేయగలిగింది ఒక్కటే. మూడు వీధుల దూరానికి ఆకాశం మారదు కదా. తనే చూసి, తనే ఫోటో తీసి, చెరిపిన చుక్కలను ఎక్కడివక్కడ పెట్టేయాలి.

ఏడున్నరకు పాత కెమెరా, పొడుగు లెన్సు, ముక్కాలి స్టాండు మోసుకుని డాబా ఎక్కాడు. తూర్పున ఎదురు మేడ. ఆ మేడ మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకుకు కట్టిన బట్టల తీగ. లెన్సు అటు తిప్పి ఒక కన్ను మూశాడో లేదో, తీగ వెనక నుంచి కేక వినబడింది. ఎదురు మేడలో ఉండే నర్సు ఆరిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది.

"ఏమండోయ్! ఏం తీస్తున్నారక్కడ?"

"చుక్కలండీ."

"నా బట్టల తీగ మీద ఏం చుక్కలు?"

"అబ్బే, తీగ మీద కాదండీ, వెనకాల. పొద్దున పొరపాటున నక్షత్రాలన్నీ చెరిపేశాను. శనివారంలోగా మళ్లీ పెట్టెయ్యాలి. లేకపోతే మా చెల్లెలు గడప తొక్కనివ్వదు."

నర్సు చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. ఆస్పత్రిలో ఇరవై ఏళ్ల సర్వీసు ఆవిడది. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"అలాగా. పెట్టేద్దాం లెండి, తొందరేముంది? ముందు ఆ పిట్టగోడకి కాస్త ఇవతలికి జరగండి. నిద్ర పడుతోందా?"

"అంతంతమాత్రం అండీ."

"వేళకి తింటున్నారా?"

"తింటున్నానండీ. సగం మిగిలిపోతోంది."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

"చెల్లెలన్నారుగా, ఆవిడ నంబరు చెప్పండి."

తిన్నావా, పడుకున్నావా అని ఆరేళ్లలో ఆయన్ని అడిగినవాళ్లు లేరు. ఆ ఆనందంలో ఎందుకని కూడా అడక్కుండా నంబరు చెప్పేశాడు. ఆ తర్వాత, ఏ చుక్క ఏదో తెలియకపోయినా, ట్యాంకు పైన ఆకాశాన్ని ఒక ఫోటో తీసుకున్నాడు.

పది నిమిషాల్లో చెల్లెలి ఫోన్ మోగింది. "అన్నయ్యా, ఎక్కడున్నావ్?"

"డాబా మీద."

"దిగు! ముందు కిందికి దిగు! నక్షత్రాలు చెరిపేశానన్నావట?"

నిజం చెబితే పుట్టుమచ్చ కథ మళ్లీ మొదలవుతుంది. "అబ్బే, చుక్కల చీర ఫోటో ఒకటుందిలే. ఆవిడ ఏదో అనుకుంది," అన్నాడు.

"చీర ఫోటోకి డాబా ఎందుకురా?" అంది చెల్లెలు. ఎంత కోపం వచ్చినా అన్నను రా అనని మనిషి. ఆ పిలుపులో ఏడుపు వినిపించి మాస్టారు గతుక్కుమన్నాడు.

మంగళవారం నుంచి ఫోన్లు రోజుకు మూడయ్యాయి. పొద్దున "లేచావా", మధ్యాహ్నం "తిన్నావా", రాత్రి "తలుపు వేసుకున్నావా". బావగారు అటుగా వెళుతున్నట్టు వచ్చి, అరడజను అరటిపళ్లు ఇచ్చి, వెళుతూ వెళుతూ వంటింటి కత్తి అరువు తీసుకుపోయాడు. మాస్టారికి అనుమానమే రాలేదు. కత్తి కోసమైనా ఒక మనిషి ఇంటికి వచ్చాడని సంతోషించి, ఆ రోజు కూరలు చేత్తోనే విరుచుకుని వండుకున్నాడు. అబద్ధం మీద నడుస్తున్న ప్రేమ అని తెలిసీ ఆ మూడు ఫోన్ల కోసం ఎదురుచూశాడు. అందుకు తనమీద తనకే సిగ్గేసింది కూడా.

డాబా మాత్రం మానలేదు. నర్సూ మానలేదు. పేషెంటును వదిలేసే రకం కాదావిడ. ఏడున్నరయ్యేసరికి ఎదురు మేడ మీద కుర్చీ వేసుకుని కూర్చునేది. ఈయన ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉంటే, ఆవిడ ఈయన్ని కనిపెట్టుకుని ఉండేది. ఈయన కాగితం పట్టుకుని నడుముకు మూడు, నడుముకు మూడు అనుకోవడం వినీ వినీ మంగళవారానికల్లా విసుగొచ్చి తనూ వెనక్కి తిరిగి పైకి చూసింది.

"మీరు వెతికేది ఆ మూడిటినేనా? ట్యాంకు పైన, నిలువుగా? మా అమ్మమ్మ గొల్లకావడి అనేది వాటిని."

మాస్టారు చూశాడు. మూడు చుక్కలు, ఎవరో దారం పట్టి పెట్టినట్టు. వాటికి ఎడమవైపు ఎర్రగా ఒకటి, కుడివైపు తెల్లగా ఒకటి. ముప్ఫై ఏళ్లుగా తెల్ల చుక్క కనబడితే తుడిచెయ్యడమే తప్ప, దాన్ని అలా ఊరికే చూస్తూ కూర్చోవడం ఆయనకు ఇదే మొదలు. సోమవారం తీసిన ఫోటోలో కూడా అవే ఉన్నాయి. ఆయనే వాటిని గుర్తుపట్టలేదు. చూస్తున్నకొద్దీ భార్య గుర్తొచ్చింది. ఆవిడకు చూపించి ఉంటే బాగుండుననిపించింది. కాసేపు ఫోటో తీయడం కూడా మరిచిపోయాడు.

బుధవారం మబ్బు. రెండు గంటలు కూర్చుని, "మబ్బు. ఏమీ లేదు," అని రాసుకుని దిగాడు. గురువారం అసలు చిక్కు వచ్చింది. చెయ్యి చాచి వేళ్లతో కొలిస్తే, సోమవారం ఫోటోలో ట్యాంకును బట్టి చూస్తే పది వేళ్ల ఎత్తున ఉన్న నడుము చుక్కలు, అదే ఏడున్నరకు పదకొండున్నర దాకా వెళ్లాయి. రోజుకు అర వేలు చొప్పున పైకి జరుగుతున్నాయి. పిల్ల కాగితంలో మాత్రం పది రోజులూ కదలకుండా పది వేళ్లే. స్టాండు బిగించి చూశాడు, గడియారం సరిచూశాడు, మరో చేత్తో కొలిచాడు. పిల్ల తప్పు రాయదు. మరి తప్పెక్కడ?

"ఏమండీ," అని ఎదురు మేడకు కేకేశాడు, "మీ ట్యాంకు ఏమైనా కుంగుతోందా?"

నర్సు మారుమాట్లాడకుండా ఫోన్ తీసింది. ఆ రాత్రి చెల్లెలు, "శనివారం ఎగ్జిబిషన్‌కి నువ్వూ రావాలి, అందరం కలిసే వెళ్దాం, నిన్ను ఒక్కణ్ణీ వదలను," అంది. అందరం అన్న మాట ఆ ఇంటి నుంచి విని రెండేళ్లయింది. మాస్టారు శనివారానికి ఇస్త్రీ చొక్కా ఆ రాత్రే తీసి పెట్టుకున్నాడు.

శుక్రవారం రాత్రికి పోస్టర్ తయారైంది. తను నున్నగా చేసిన నలుపు మీద ఏడు నక్షత్రాలు, సోమవారం తీసిన ఫోటోలో ఎలా ఉన్నాయో అలాగే. కింద ఐదు సాయంత్రాల చిన్న ఫోటోలు వరసగా, ఒక్కోదాని కింద తను వేళ్లతో కొలిచిన ఎత్తు. మబ్బు రోజుది కూడా పెట్టాడు, లేదని ఎలా అంటాడు? ప్రతి ఫోటోలోనూ ట్యాంకు, తీగ, ఏ రోజు ఆరేసిన తువ్వాలు ఆ రోజే. ఒక్క మచ్చ కూడా ముట్టుకోలేదు. అన్నిటి కింద పిల్ల కాగితం భక్తిగా అతికించాడు. చుట్టచుట్టి శనివారం పొద్దున బస్సు కిటికీలోంచి అందించాడు.

బడి హాలులో పోస్టర్లన్నీ గోడలకు వేలాడుతున్నాయి. చెల్లెలు ఆయన మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. బావగారు రెండోవైపు. పెద్దావిడ కూడా వచ్చింది. మాస్టారిని చూడగానే చెయ్యి ఎడమ చెంపకు అడ్డం పెట్టుకుంది.

లాయరమ్మ తన పోస్టర్ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. న్యాయనిర్ణేతగా వచ్చిన కాలేజీ ఫిజిక్సు మేడం కళ్లజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చూసింది.

"చాలా బాగుందమ్మా. నక్షత్రాలు రోజూ ఇంకాస్త ముందే వస్తాయని కొలిచి చూపించావు. కానీ కింద రాసినదాంట్లో పది రోజులూ ఒకే ఎత్తు. ఇందులో ఏది నిజం? ఈ ట్యాంకు ఎవరిది?"

నోరు తెరిస్తే వాదనే అనిపించుకున్న పిల్ల కింది కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అది చూశాక మాస్టారు ఆగలేకపోయాడు. చెల్లెలి చెయ్యి విడిపించుకుని ముందుకు వచ్చాడు.

"తప్పు నాదండీ. పిల్ల పది రోజులు చూసి తీసిన నక్షత్రాలని దుమ్మనుకుని చెరిపేశాను. రెండు వందల పదకొండు. ఒక్కటి మిగల్చలేదు. మళ్లీ పెడదామని నేనే డాబా ఎక్కి తీశాను. కింద రాసిందే నిజం. నా కొలతలోనే ఎక్కడో తేడా ఉంది."

"అయ్యో రాత!" అన్నాడు బావగారు. "ఇందుకా డాబా ఎక్కింది?" అంది చెల్లెలు. పెద్దావిడ చెంప మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కుకుంది. అయిపోయింది, ఇక ఆ గుమ్మం ముఖం చూడనక్కర్లేదని మాస్టారు తల వంచుకున్నాడు.

"మావయ్యా," అంది లాయరమ్మ, నేల చూస్తూ. "అవి నక్షత్రాలు కావు."

"మరి?"

"పౌడరు. నానమ్మ నల్ల గొడుగు తెరిచి, దాని మీద మొహానికి రాసుకునే పౌడరు చల్లి తీశా."



"ఎందుకే అంత పని?" అంది చెల్లెలు.

"రోజూ అడిగాగా, డాబా మీదకి తోడు రమ్మని! నువ్వు పనుందన్నావు. నాన్న ఫోన్ మాట్లాడుతున్నానన్నాడు. ఒక్కదాన్నే చీకట్లో పైకి వెళ్లాలంటే భయమేసింది. పది రోజులు అడిగా. పదకొండో రోజు గొడుగు తెరిచా." వాదన కాదది, ఏడుపే.

ఆ ఏడుపులో ఉన్నదేమిటో ఆ హాలులో అందరికన్నా ముందు మాస్టారికి అర్థమైంది. దగ్గరికి వెళ్లి పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాతే రెండో సంగతి తట్టింది. ముప్ఫై ఏళ్ల అనుభవం తప్పు చేయలేదు. తను తుడిచింది దుమ్మునే.

ఫిజిక్సు మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఈ పరిశీలన నిజమైనదే. కానీ చేసింది తొమ్మిదో తరగతి పిల్ల కాదు. బహుమతి ఇవ్వలేను. అమ్మాయీ, వేధశాలకి వెళ్లాలంటే పది సాయంత్రాలు నిజంగా చూసి, వచ్చే నెల మళ్లీ తీసుకురా. మబ్బు రోజులు లెక్కలోకి రావు. చూడటం మాత్రం ఈ ట్యాంకు కనిపించే చోటి నుంచే. కొలత సరిగ్గా ఉంది."

"శిక్ష అనుకో," అంది చెల్లెలు కూతురితో. అన్న వైపు తిరిగి, "నీకు ఇబ్బందా, అన్నయ్యా? ఏడింటికి దాన్ని పంపిస్తాను. భోజనం కూడా అక్కడే అంటే..." అని ఆగింది.

"ఇద్దరికి సరిపడానే వండుతాను," అన్నాడు మాస్టారు. ఆరేళ్లుగా అంతే వండుతున్నానని చెప్పలేదు. "బావగారూ, ఆ కత్తి ఒకటి పంపించండి."

పెద్దావిడ అప్పటిదాకా ఆలోచిస్తూ నిలబడి, "నీకు తుడవడమే కాదు, తిరిగి పెట్టడం కూడా వచ్చన్నమాట," అంది. "అయితే నాదీ పెట్టు. ఎక్కడుండేదో గుర్తుందా?"

"ఎడమ చెంప, కంటి కొసకి రెండు వేళ్ల కింద, మిరియం గింజంత," అన్నాడు మాస్టారు తడుముకోకుండా. పెద్దావిడ చెంప మీంచి చెయ్యి తీసేసింది.

సోమవారం ఏడింటికి లాయరమ్మ నోటుపుస్తకం, స్వెట్టరు పట్టుకుని డాబా ఎక్కింది. ఎదురు మేడ మీద నర్సు ఇద్దరికీ చెయ్యి ఊపి, కుర్చీ వెనక్కి తిప్పుకుని తూర్పు ముఖంగా కూర్చుంది. ఏడున్నరయ్యేసరికి ట్యాంకు వెనక నుంచి మబ్బు లేచి, ఆకాశమంతా కమ్మేసింది.

"పోయింది మావయ్యా. ఇవాళ లెక్కలోకి రాదు. ఇంకో రోజు ఎక్కువ రావాలి," అంది పిల్ల నీరసంగా.

మచ్చల మాస్టారు ఆ మబ్బును ఒక మూల నుంచి ఇంకో మూలకు తీరిగ్గా చూశాడు. ఇంత పెద్ద మచ్చను తుడిచెయ్యాలనిపించకపోవడం సర్వీసులో ఆయనకు ఇదే మొదటిసారి.